బరిలోకి దిగిన సంపాదకుడు

అమెరికా రచయిత జార్జ్ ప్లింప్టన్ (1927–2003) 1953 నుండి మరణపర్యంతం ‘ది పారిస్ రివ్యూ’ సాహిత్య పత్రికకు సంపాదకులు. సాహితీపరుడై ఉండి కూడా 1959లో ముష్టియోధుడు ఆర్చీ మూర్‌తో తలపడి ముక్కున నెత్తురు కార్చుకున్నారు. 1963లో డెట్రాయిట్ లయన్స్ ఫుట్‌బాల్ శిబిరంలో చేరి, అందరి ఎదుటా విఫలుడై, 1966లో ‘పేపర్ లయన్’ వెలువరించారు.

మన క్రీడారచన చాలావరకు గట్టుమీది మాటే. వికారాబాదు కబడ్డీ బరిలో కూత తెగే క్షణాన గుండె ఎలా కొట్టుకుంటుందో, తాండూరు గనిలో నాపరాయి ఎత్తితే నడుము ఏమవుతుందో చెప్పే వచనం అరుదు. నేర్పరి గొప్పతనం అతని పక్కన నిలిచి ఓడినవాడికే బాగా తెలుస్తుంది. మన యువరచయితలు ఒక్కసారైనా కూతకు వెళ్ళి, ఆ ఓటమిని వ్రాయాలని నా అభిలాష.