శత్రురాజును పూర్తిగా రాసినవాడు

టెక్కలి బడిలో చరిత్ర చెప్పే నేను, సిలబస్‌లో లేకపోయినా పిల్లలకు హెరొడోటస్ గురించి చెబుతాను.

క్రీ.పూ. 480లో పారశీక చక్రవర్తి జెర్‌క్సీస్ గ్రీసు మీద దండెత్తాడు. ఆ కథ రాసిన ఈ గ్రీకు చరిత్రకారుడు శత్రువును రాక్షసుణ్ణి చేసి చేతులు దులుపుకోలేదు. సేన దాటడానికి సముద్రం మీద కట్టించిన వంతెన తుపానుకు తెగిపోతే, జెర్‌క్సీస్ ఆ సముద్రాన్ని 300 కొరడా దెబ్బలు కొట్టించి, కట్టినవాళ్ల తలలు తీయించాడని రాశాడు. సేనతో వెళ్తున్న తన ఐదుగురు కొడుకుల్లో పెద్దవాణ్ణి ఇంటిదగ్గర వదలమని పితియస్ అనే అతను వేడుకుంటే, ఆ కొడుకునే రెండుగా నరికించి మధ్యనుంచి సైన్యాన్ని నడిపించాడనీ రాశాడు. అదే చేత్తో, తన సేనను చూసి, నూరేళ్లకు వీళ్లలో ఒక్కడూ మిగలడని ఆ రాజే ఏడ్చాడనీ రాశాడు. పారశీక దూతల్ని చంపిన పాపానికి బదులుగా ప్రాణాలిస్తామని ఇద్దరు స్పార్టన్లు వస్తే, మీరు తప్పిన ధర్మం నేను తప్పనని పంపేశాడట. ఇక్కడ తప్పు గ్రీకులది, పెద్దమనసు శత్రువుది.

జెర్‌క్సీస్ నాయకత్వ లోపాన్ని కూడా హెరొడోటస్ సూటిగా పట్టుకున్నాడు. ఇంత పెద్ద నౌకాదళం తుపానులో తలదాచుకునే రేవు ఎక్కడా లేదని పినతండ్రి అర్తబానస్ ముందే హెచ్చరించాడు. భావనపాడు నుంచి బారువ దాకా మన తీరంలో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటల్ని ఎలా నేలకూల్చిందో చూసినవాళ్లం. జెర్‌క్సీస్ విన్నాడు, బయల్దేరాడు. 400 ఓడలు తుపాను పాలయ్యాయి. సలామిస్ దగ్గర సముద్రంలో పోరు వద్దని రాణి ఆర్టెమిసియా చెబితే మెచ్చుకున్నాడు, ఎక్కువమంది మాటే పాటించి ఓడిపోయాడు. చెప్పేవాళ్లు లేక చెడినవాడు కాదు. విని, మెచ్చి, పక్కన పెట్టి చెడ్డాడు.

ఇంతవరకూ చెప్పాక ఒక అమ్మాయి అడిగింది: "సార్, అశోకుడు ఓడించిన మన కళింగరాజు పేరేంటి?"

అశోకుడి శాసనంలో ఆ పేరు లేదు. లక్షమంది చచ్చారు, లక్షా యాభైవేల మందిని తరలించుకుపోయారు అన్న లెక్క మాత్రం ఉంది. రోమన్ రచయిత ప్లినీ కళింగరాజుకు 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు అని చెప్పాడు, పేరు చెప్పలేదు. ఆ రాజు ఎవరి సలహా విన్నాడో, ఏ రాత్రి ఏడ్చాడో రాసిన హెరొడోటస్ మనకు లేడు.

ఇంకొకటి నన్ను మరీ బాధపెడుతుంది. అశోకుడి పశ్చాత్తాపం చెప్పే పదమూడో శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. కాందహార్‌లో గ్రీకు భాషలోనూ చెక్కించారు. మన పక్కనే గంజాం జిల్లా జౌగడలో, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలో మాత్రం లేదు. ఆ రెండు చోట్లా అధికారులకు ఆదేశాలున్నాయి. దెబ్బతిన్నవాళ్ల గడ్డమీద ఆ మాట చెక్కలేదు. అయినా మన పాఠాల్లో కళింగ యుద్ధమంటే గెలిచినవాడి మనసు మారిన కథే.

పలాస, టెక్కలి బడుల పిల్లల్ని విహారయాత్ర అంటూ అరకు తీసుకెళ్తున్నాం. ఒక్కసారి ఇచ్ఛాపురం దాటించి జౌగడ తీసుకెళ్లండి. శాసనాలు చెక్కిన బండ ముందు నిలబెట్టి, ఇక్కడ ఏ శాసనం లేదో చెప్పండి. తిరిగొచ్చాక కళింగ యుద్ధాన్ని ఓడినవాళ్ల వైపునుంచి రాయమనండి, అశోకుణ్ణి రాక్షసుణ్ణి చేయకుండా.