కుర్చీ మారిస్తే...

కొడుకూ కోడలూ డల్లాస్‌లో, అమ్మానాన్నా కేసముద్రంలో. ఫోన్‌లో అత్త అడిగేది క్షేమసమాచారమే. కోడలికి మాత్రం ఆరా తీసినట్లుంటుంది. మధ్యలో నలిగేది కొడుకు. తప్పెవరిది?

ఒక్కరి తప్పు వెతక్కుండా ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చూసిన వైద్యుడు సాల్వడార్ మినూచిన్. రష్యా నుంచి వలస వెళ్లిన యూదు కుటుంబంలో 1921లో అర్జెంటీనాలో పుట్టారాయన. 1948లో ఇజ్రాయెల్ సైన్యంలో డాక్టరుగా చేశారు. తర్వాత అమెరికా చేరారు. అక్కడి విల్ట్‌విక్ స్కూల్లో పేద నల్లజాతి, ప్యూర్టోరికో కుటుంబాల పిల్లలకు చికిత్స చేసేవారు. బాగుపడ్డారనుకున్న పిల్లలు ఇంటికెళ్లగానే కథ మళ్లీ మొదటికొచ్చేది. అందుకే ఇంటివాళ్లనీ పిలిపించడం మొదలుపెట్టారు. 1965 నుంచి ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌ని నడుపుతూ, పెద్ద చదువుల్లేని స్థానికులకూ కౌన్సెలింగ్ నేర్పించారు. ఆ ఇళ్ల మాటతీరు వాళ్లకే బాగా తెలుసు మరి!

ఇంటివాళ్లలో ఒకరిగా కలిసిపోవడం ఆయన మొదటి పని. ఎవరి తరఫున ఎవరు జవాబిస్తున్నారో గమనించేవారు. అవసరమైతే కుర్చీలు మార్పించి, మాట్లాడుకోని ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు.

కేసముద్రం ఇంటికీ ఆ చిట్కా పనికొస్తుంది. అటు మాట ఇటు మోసే పని కొడుకు మానాలి. అత్తాకోడళ్లు నేరుగా మాట్లాడుకోవాలి. ఆలుమగల సంగతులు ముందు వాళ్లిద్దరే తేల్చుకోవాలి. అంటే పెద్దల్ని దూరం పెట్టమని కాదు. గదికి తలుపున్నంత మాత్రాన ఇల్లు రెండు ముక్కలైపోదు కదా!

మినూచిన్ 2017లో కన్నుమూశారు. కేసముద్రంలోని అమ్మానాన్నలకు బెంగతో నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చేయొచ్చు. 2022లో మొదలైన టెలిమానస్ నంబరది. రాత్రయినా పగలైనా తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు.