కాయ ఒక్కటే, స్కోరు ఇరవై!

మీ ఇంట్లో ఆరో ఏడో చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే, ఈ ఆదివారం ఓ గంట వాళ్లకివ్వండి. ‘కంప్యూటర్ అనగానేమి? దాని భాగాలేవి?’ అని మాత్రం మొదలుపెట్టకండి. అది పుస్తకంలో ఎలాగూ ఉంది. పరీక్షకి బట్టీ కొడతారు, మర్నాటికి మర్చిపోతారు.

ల్యాప్‌టాప్‌లో స్క్రాచ్ తెరవండి. ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో పిల్లల కోసం విడుదల చేసింది. ఉచితం. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. స్క్రీన్ మీద ఓ పిల్లి బొమ్మ, పక్కన రంగురంగుల బ్లాకులు. వాటిని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే పిల్లి కదులుతుంది. సెమీకోలన్ మర్చిపోయి తల పట్టుకునే బాధ లేదు. (ఆ బాధ మాకు జీతంతో పాటు వస్తుంది లెండి.)

ఏం తయారుచేయాలో వాళ్లనే చెప్పమనండి. మా పిన్ని కూతురు పిల్లిని తీసేసి మామిడికాయ పెట్టింది. పైనుంచి కాయ పడాలి, కింద బుట్టతో పట్టాలి, పడితే ఒక పాయింట్. తీరా ఆడితే ఒక్క కాయకే స్కోరు ఇరవై దాటింది! నేను చెప్పబోయి ఆగాను. కాయ వేగం తగ్గించి మళ్లీ మళ్లీ చూసింది. పది నిమిషాలకి, ‘‘అన్నయ్యా, కాయ బుట్టకి తగిలి ఉన్నంతసేపూ ఇది లెక్కపెడుతూనే ఉంది’’ అంది. పాయింట్ రాగానే కాయని మళ్లీ పైకి పంపే బ్లాక్ తగిలించింది. పైకి అంటే వై విలువ 180 దగ్గరికి. లెక్కల క్లాసులో గ్రాఫ్ పేపర్ మీద విసుక్కున్న ఎక్స్, వై ఇవేనని అప్పుడు తెలిసింది తనకి. లూప్, కండిషన్, వేరియబుల్ అనే పేర్లు నేను ఆ తర్వాతే చెప్పాను.

ఒక్కటే షరతు. మౌస్ మీరు లాక్కోకూడదు. కొన్ని బడుల్లో పాడైపోతాయని కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డే తీయరు. ఇంట్లోనూ ముట్టుకోనివ్వకపోతే వాళ్లింకెక్కడ నేర్చుకుంటారు?

ల్యాప్‌టాప్ లేదా? ఒకటి నుంచి వంద లోపు ఓ సంఖ్య అనుకోండి. వాళ్లు ఊహించి చెప్తుంటే ‘ఎక్కువ’, ‘తక్కువ’ అని మాత్రం అనండి. ఎప్పుడూ మధ్య సంఖ్యే అడుగుతూ పోతే ఏడో ప్రయత్నం లోపు దొరికి తీరుతుంది. మేం దీన్నే బైనరీ సెర్చ్ అంటాం. మరి వెయ్యి వరకైతే ఎన్ని ప్రయత్నాలు? ముందు వాళ్లనే చెప్పమనండి. డెబ్బై అంటారేమో. పది చాలు.