చెట్టు కూలితే మిల్లూ ఆగింది, కూలీ గతేమిటి?

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. చెట్టు పోతే రైతు ఒక్కడికే నష్టమని చాలామంది అనుకుంటారు. ఇది గొలుసుకట్టు నష్టమని మేమంటాం.

కాయ ఉంటేనే దింపు, ఒలుపు కూలీలకు పని. డొక్క వస్తేనే పీచు మిల్లు తిరిగేది. పీచు ఉంటేనే తాడు పేనే ఆడకూలీలకు నాలుగు డబ్బులు. ఒక్క లంకె తెగితే చివరిదాకా పస్తే! వరి పోతే మళ్లీ దాళ్వాకైనా ఆశ ఉంటుంది. నాటు కొబ్బరిమొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. అన్నాళ్లూ కూలీ ఏం తినాలి? పరిహారమైనా, కొబ్బరి బీమా అయినా చెట్టు లెక్కనే. పని పోయినోడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపదా? 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద. 2022 జులైలో మళ్లీ లంకలు మునిగాయి.

అందుకే ఇవి సాధించుకోవాలి:

వానలకు ముందే మురుగు కాలవల్లో పూడిక తీయాలి. మెరక మీద సహకార గోదాములు కట్టి డొక్క, పీచు తడవకుండా నిలవ చెయ్యాలి. ముదురు తోటల్లో ఇప్పటినుంచే లేతమొక్కలు వెయ్యాలి. మిల్లు ఆగిన రోజులకు కూలీకి భృతి ఇవ్వాలి. పరిహారంలో కౌలురైతు పేరు ఉండాలి.

నీళ్లొచ్చాక పులిహోర పొట్లాలకు చెయ్యి చాచేకంటే, ఇప్పుడే ఊరూరా కూలీలూ రైతులూ కలిసి అడుగుదాం.