సంతకు వెళ్ళడమూ చికిత్సే

సంతకు వెళ్ళి తనకు నచ్చిన కూర కొనుక్కోవడం కూడా ఒక చికిత్స అంటే నవ్వు రావచ్చు. కాని ఏళ్ళ తరబడి భర్త చేతి దెబ్బలు తిని శరణాలయం చేరిన స్త్రీకి అది చిన్న పని కాదు. ఏమి వండాలో, ఎవరితో మాట్లాడాలో మరొకరి ముఖం చూసి నిర్ణయించుకోవడం అలవాటైన మనిషికి "నీకేం కావాలమ్మా?" అన్న ప్రశ్నే భయం పుట్టిస్తుంది.

ఆక్యుపేషనల్ థెరపీ పని ఇక్కడే. దానిని తెలుగులో 'వృత్తి చికిత్స' అనడంవల్ల కొంత పొరపాటు జరిగింది. ఒక కుట్టుమిషను ఇప్పిస్తే సరిపోతుందని దాతల నమ్మకం. మిషను మంచిదే, కాని ఈ శాస్త్రంలో వృత్తి అంటే ఉద్యోగం ఒక్కటే కాదు, నిద్ర లేచింది మొదలు మనిషి చేసుకునే పనులన్నీ. 1950లో కమలా నింబ్కర్ బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు పాఠశాల ప్రారంభించారు.

చికిత్సకురాలు ముందు చేతులు చూస్తుంది. దెబ్బ కాచుకోబోయినప్పుడు ముంజేతి ఎముక విరుగుతుంది. అది సరిగా అతకకపోతే బిందె ఎత్తడం, జడ వేసుకోవడం కష్టం. పిండి పిసకడం, బట్టలు పిండడం వంటి పనులతోనే పట్టు తిరిగి తెప్పిస్తారు. కనిపించని గాయం తలలోనిది. తలకు తగిలిన దెబ్బలు, గొంతు నులిమినప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం మతిమరుపుకు దారి తీయవచ్చు. పొయ్యి మీద పాలు మరిచిన ఆమెను సోమరి అనడం తేలిక. చికిత్సకురాలు ఆ పనినే చిన్న మెట్లుగా విడదీసి, కాగితం మీద రాయించి, గోడకు అంటింపజేస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18–49 ఏళ్ళ వివాహితలలో నూటికి 29 మంది భర్తల హింసకు గురైనవారే. 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన గృహహింస చట్టం చేతికి డబ్బు ఇవ్వకపోవడాన్ని కూడా హింసగానే గుర్తించి, భృతి కోరే హక్కు ఇచ్చింది. పాసుపుస్తకం ఎన్నడూ తాకని స్త్రీ ఆ భృతిని ఏ కిటికీ దగ్గర, ఏ కాగితం నింపి తీసుకోవాలి? 2015లో మొదలైన 'సఖి' కేంద్రాలలో వైద్యం, పోలీసు సాయం, మానసిక సలహా, న్యాయసహాయం, కొద్దిరోజుల వసతి ఉన్నాయి. పాలగిన్నె, పాసుపుస్తకం సంగతి ఆ జాబితాలో లేదు.

ఇటువంటి పనులకు వారాలు పడతాయి. మొదటిసారి చికిత్సకురాలు బ్యాంకులో ఆమె పక్కనే నిలబడుతుంది. తరువాత గుమ్మం బయట కూర్చుంటుంది. ఆ తరువాత శరణాలయంలోనే ఉండిపోతుంది. ఆమె ఒక్కతే బస్సెక్కి, డబ్బు తీసుకుని, దారిలో సంతలో ఆగుతుంది. ఆ రోజు సంచిలో కాకరకాయలు ఉండవచ్చు. ఆయనకు గిట్టదని ఇన్నేళ్ళూ వండనివి.