గాజుతొట్టిలో సముద్రపుష్పము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారమగు మనకు సముద్రము దూరపు చుట్టము. కుప్పమున రైలెక్కి చెన్నపట్టణము చేరిననే గాని కెరటము కంటబడదు. అయినను మన యిండ్లలోని పిల్లలకు సముద్రవింతలపై మక్కువ తక్కువ గాదు. 2003లో వెలువడిన నీమో చలనచిత్రమును చూచిన బిడ్డ, ఆ నారింజవన్నె చేపయు, అది దాగుకొను పూవును మన యింట గాజుతొట్టిలో నుండవలెనని పట్టుపట్టుట సహజము. సరే యనుటకు ముందు తల్లి తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

పేరునకు సముద్రపుష్పమే గాని యిది జంతువు, పగడపుజీవులకు జ్ఞాతి. పాదముతో రాతి నంటుకొని, రేకులవంటి కరములతో ఆహారమును పట్టును. ఆ కరములందు కంటికి కానరాని విషపుముండ్లు గలవు. క్లౌన్ చేపకు మాత్ర మా ముండ్లు బాధింపవు. ఉష్ణసముద్రములందలి పెక్కు పుష్పముల దేహములో సూక్ష్మమైన నాచు నివసించి, వెలుతురు సాయమున ఆహారము సిద్ధపఱచి తన కాశ్రయమిచ్చిన జీవికి పంచిపెట్టును. వెలుతురు చాలకున్నను, వేడి హెచ్చినను ఆ నాచు నశించును, పుష్పము తెల్లబాఱును. అంగడిలో ఆ తెలుపును చూచి మురియరాదు. అది సొగసు గాదు, ఆకలి.

ఈ జీవి అల్పాయుష్కురాలని తలంపకుడు. స్కాట్లండులో సర్ జాన్ డాలియెల్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1828లో సముద్రతీరమునుండి తెచ్చిన పుష్ప మొకటి గాజుపాత్రలో 1887 వఱకు జీవించెను. యజమాని 1851లోనే గతించెను; పుష్పము చేతులు మాఱుచు, నూర్లకొలది పిల్లలను కని, ‘అవ్వ’ యని పేరొందెను. కాని యది చల్లని తీరమున పుట్టిన గట్టిజాతి; సముద్రమునకు చేరువనున్న ఎడింబరో నగరమున క్రొత్త సముద్రజల మందుచుండగా బ్రతికెను. మన కా సదుపాయ మెక్కడిది?

సముద్రము దూరమైనచో శ్రమ యెంతయో ఆనా థిన్ అను నాంగ్లవనిత కథవలన తెలియును. ఆమె 1846లో పగడపుజీవులను లండను నగరమునకు తెచ్చి పోషించెను. నీటికి గాలి సోకుటకై ఆమె పనికత్తె ప్రతిదినము కిటికీకడ నిలిచి, అరగంటకు పైగా నీటి నొక పాత్రనుండి మఱియొక పాత్రకు పోయుచుండెను. నేడా పనిని విద్యుద్యంత్రము చేయును. కరెంటు పోయి యంత్ర మాగినచో మరల ఆ పనికత్తె పాటు ఇల్లాలిదే!

ఇక నీటి సంగతి. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము లుండును. నూఱు లీటర్ల తొట్టికి మూడున్నర కిలోలు కావలెను. వంటింటి యుప్పు పనికిరాదు. సున్నము, మెగ్నీషియము మున్నగునవి తగు పాళ్లలో కలిసిన ప్రత్యేక లవణమును శుద్ధిచేసిన నీట కలుపవలెను. బోరుబావి నీరు తగదు. వేసవిలో నీ రావిరియగును గాని యుప్పు పోదు; కావున ప్రతిదినము తగ్గిన మేర మంచినీటినే పోయవలెను. చేపల మలినమునుండి పుట్టు అమ్మోనియాను హరించు సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో నెలకొనుటకు వారములు పట్టును. అనుభవజ్ఞులు ఆఱు నెలలైనను గడువనిదే పుష్పమును తేరు. నచ్చని చోటనుండి యది పాకిపోయి యంత్రమున చిక్కి ఛిద్రమగుటయు గలదు. చచ్చి కుళ్లినచో తక్కిన చేపలకును ముప్పే. పిల్లలు వట్టిచేతులతో దానిని తాకరాదు.

మన యింట నశించునది ఒక్కటియే యని యూరడిల్లుటకు వీలులేదు. సముద్రమునుండి పెఱికి తెచ్చునపుడే పాదము చినిగి దారిలో చచ్చునవి కలవు. అచ్చట దానిని నమ్ముకొనిన చేపకు ఇల్లు పోవును. ఫిలిప్ గాస్ వ్రాసిన గ్రంథములు చదివి ఆంగ్లేయులు గాజుతొట్లకై తీరములమీద బడగా, రాతిగుంటల సొంపు నాశనమయ్యెనని అతని కుమారుడు ఎడ్మండ్ 1907 నాటి గ్రంథమున వగచెను. ముచ్చటపడినవారే ముచ్చటైనదానిని రూపుమాపిరి.

అట్లని బిడ్డ కోరికను కసరికొట్టనేల? క్లౌన్ చేపలను తొట్లలోనే గ్రుడ్లు పొదిగించి పెంచు విధానమును మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సాధించిరి. అట్లు పుట్టిన చేప పుష్పము లేకున్నను హాయిగ జీవించును. ఉప్పునీటి తొట్టిని భరింపగలవారు దానితో తృప్తి పడవచ్చును. పుష్పమును చూపదలచినచో ఆటువేళ విశాఖపట్టణపు రాతితీరమునకు కొనిపోయి, గుంటలలో విచ్చుకొనియున్నదానిని చూపి, అచ్చటనే విడిచి రండు.

సుమారు గజమెత్తుండు మన పుంగనూరి యావు ఎండుగడ్డి మేసియు పాలిచ్చునన్న, అది యీ మెట్టనేలకు తగిన బిడ్డ గనుక. సముద్రపుష్పము కడలికి తగిన బిడ్డ. పరుల బిడ్డను తల్లినుండి వేఱుచేసి తెచ్చి, పెంచలేక చంపుకొనుట గృహిణికి తగునా? ఆలోచింపుడు.