మూసీ ఒడ్డున ఒక పాఠం

హైదరాబాద్‌లో నయాపూల్ మీద నిలబడి చూడండి. ఇటు పాతబస్తీ ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ. అటు ఉస్మానియా ఆస్పత్రి. నడుమ మురుగు మోస్తున్న మూసీ. న్యాయం, చదువు, ఆరోగ్యం, నీరు ఒక్కచోట కలిసే నేల ఇది.

1908 సెప్టెంబరు వరద వేల ప్రాణాలు తీశాక, ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ నగరానికి జలాశయాలతో పాటు మురుగునీటి పారుదలకూ ప్రణాళిక ఇచ్చారు. వరద, తాగునీరు, పారిశుద్ధ్యం అందులో విడివిడిగా లేవు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన ఫలాలే.

మన డిగ్రీ తరగతుల్లో మాత్రం రసాయనశాస్త్రం ఒక గదిలో, అర్థశాస్త్రం మరో గదిలో. మూసీ నీటిని పరీక్షించే విద్యార్థి, ఆ ఒడ్డున బతికే కుటుంబం వైద్యానికి ఎంత ఖర్చు పెడుతోందో కూడా అడగాలి. ఇంటిల్లిపాదిలో తొలిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయికి తన గల్లీ సమస్యే పాఠమైతే, ఆ చదువు తనదనిపిస్తుంది. చదువు నిలబడేది అలాంటి చోటే.

శాస్త్రాలను కలిపి బోధించే కోర్సుల గురించే ఈ సంచిక. అధ్యాపక మిత్రులారా, వచ్చే సెమిస్టరులో పక్క విభాగం వారితో కలిసి ఒక్క పాఠమైనా చెప్పండి. వీలైతే మూసీ ఒడ్డునే చెప్పండి.

– సంపాదకుడు